కాశీ జిరాక్స్ షాపు భాయ్‌సాబ్‌కి

అందరికీ నమస్కారం. అమ్మ బాగానే ఉంది. నిన్న హైదరాబాద్ చేరాం. పది రోజులుగా ఫోన్లు చేస్తున్నవాళ్ళు ముందు ఈ ముక్క చదివి స్థిమితపడండి. ఫోన్లు ఎత్తనందుకు ఏమీ అనుకోకండి. ఎత్తితే కథంతా మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి, ఆ ఓపిక లేక ఎత్తలేదు. ఇదిగో, ఇక్కడ ఒక్కసారే రాసేస్తున్నా. కంటి మీద కునుకు లేదు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని అమ్మ ఎప్పట్నుంచో అంటోంది. నాన్నగారు పోయాక అది మరీ ఎక్కువైంది. డిసెంబరులో నాకు సెలవు దొరికింది, ఇద్దరమే బయల్దేరాం. నాలుగో నిద్ర చేసిన మర్నాడు, ఇంకా తెల్లవారకముందే కేదార్ ఘాట్‌లో స్నానం చేసి తడి చీరతో మెట్లెక్కుతూ అమ్మ జారింది. ఆ మెట్లు చూసినవాళ్ళకి తెలుసు. ఎరుపు, తెలుపు చారలు, నిటారు ఎక్కుడు. జారింది రెండే మెట్లు. ఆ రెండు మెట్లకే తుంటి దగ్గర ఎముక పుటుక్కుమంది. చేతిలో గంగ నింపిన రాగి చెంబు మాత్రం తొణకలేదు, అదేం పట్టో.

ఆ సందుల్లోకి అంబులెన్సు రాదు. పడవ మీద అస్సీ ఘాట్ దాకా తీసుకొచ్చి, అక్కణ్నుంచి అంబులెన్సులో లంక వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రికి. (కాశీలో లంక అని ఒక పేట ఉంది. అంత నొప్పిలోనూ ఆ పేరు విని అమ్మ ‘రాముడి దగ్గరికి వస్తే లంకకి పంపిస్తున్నారా’ అంది.) ఎక్స్‌రే చూసి డాక్టరు గారు సూటిగా చెప్పారు: ‘ఈ వయసులో ఈ ఎముక విరిగితే మంచంలో పడుకోబెట్టి ఉంచకూడదు. ఊపిరితిత్తులకి నెమ్ము చేస్తుంది, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. రేపు పొద్దున్నే ఆపరేషన్ చేసి, తుంటి బంతి తీసేసి లోహపుది పెడదాం.’

నాకు ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది. అందులో అమ్మ పేరుంది, 5 లక్షల కవర్ ఉంది, ఆమె ప్రీమియం ఏటా నా జీతంలోంచే కోస్తారు. ఆ ధైర్యంతోనే ఫోన్లో కార్డు తెరిచి కౌంటర్లో చూపించా. ‘మీ కంపెనీ నెట్‌వర్క్‌లో మేం లేం మేడమ్. లక్షన్నర డిపాజిట్ కట్టండి, మీ ఊరెళ్ళాక బిల్లులు పెట్టుకోండి’ అన్నాడు కుర్రాడు. అతని తప్పేం లేదు, అతనికి తెలిసింది అంతే. అప్పటికి ఉన్నదంతా ఊడ్చి 60 వేలు కట్టి, మిగతాది పొద్దున్నే ఆపరేషన్ లోపు కడతానని సంతకం పెట్టా. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే అరగంట సంగీతం వినిపించి, ఒకాయన వచ్చి పాలసీ నంబరు అడిగి, నేను చెప్తుండగానే కట్ చేశాడు.

రాత్రి ఏడింటికి, సరే ఎలాగూ తర్వాత పెట్టుకోవాల్సిందే కదా అని కాగితాలు పట్టుకుని జిరాక్స్ కోసం బయటికొచ్చాను. ఆసుపత్రి గేటు ఎదురుగా వరుసగా మందుల షాపులు, వాటి మధ్య ఇరికించినట్టు ఒక చిన్న గది. ఒక జిరాక్స్ మిషను, ఒక పాత కంప్యూటరు, గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసిన ఈమెయిల్ ఐడీ. యాభై దాటిన మనిషి, మఫ్లరు చెవుల మీదుగా చుట్టుకుని కూర్చున్నాడు.

కాగితాలు అందుకోలేదాయన. నా కాళ్ళకేసి చూశాడు.

స్నానానికే కదా అని ఆ పొద్దున చెప్పులు బసలోనే వదిలేసి వెళ్ళాను. అప్పట్నుంచి అలాగే తిరుగుతున్నా. పడవలో, అంబులెన్సులో, ఎక్స్‌రే గదిలో, కౌంటరు ముందు. కాళ్ళు ఎప్పుడు మొద్దుబారాయో నాకే తెలీదు. పొద్దుట్నుంచి నన్ను ఓ వంద మంది చూసుంటారు, కాళ్ళవైపు ఎవరూ చూడలేదు, నాతో సహా. ఆయన తన కాళ్ళకున్న హవాయి చెప్పులు విడిచి, వంగి, బల్ల కింద నుంచి నా ముందుకి తోశాడు. ‘పహలే చప్పల్ పహనో, బిటియా.’ నీలం పట్టీలు. ఎడమ దాని పట్టీ ఊడకుండా అడుగున ఒక పిన్నీసు గుచ్చి ఉంది. ఇంకా ఆయన కాళ్ళ వేడి ఉంది వాటిలో.

అమ్మ పడినప్పుడు నేను ఏడవలేదు. ఎక్స్‌రే చూసినప్పుడు ఏడవలేదు. అక్కడ, ఆ జిరాక్స్ మిషను మీద చేతులు పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, నీళ్ళూ ఇవ్వలేదు. ఓ పాత దినపత్రిక నేల మీద పరుచుకుని, దాని మీద కాళ్ళు పెట్టుకుని, నా కాగితాలు ఒక్కోటీ తిరగేయడం మొదలుపెట్టాడు.

‘డిపాజిట్ ఎందుకు కట్టారు? క్యాష్‌లెస్ అడగలేదా?’ అన్నాడు. (అంటే బిల్లు మనం కట్టకుండా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం.) నెట్‌వర్క్ కాదన్నారని చెప్పా. తల అడ్డంగా ఊపాడు. రోజూ ఇలాంటి కాగితాలే ఆయన చేతుల మీదుగా పోతాయి మరి. 2024 జనవరి నుంచి నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో కూడా క్యాష్‌లెస్ అడగొచ్చట, ‘క్యాష్‌లెస్ ఎవ్రీవేర్’ అని ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న ఏర్పాటు. అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి తెలియజేయాలి. ఎనిమిదేళ్ళుగా ప్రీమియం కడుతున్నాను, ఈ సంగతి నాకు మా హెచ్‌ఆర్ చెప్పలేదు, కంపెనీ చెప్పలేదు, కాశీలో కాపీకి రెండు రూపాయలు తీసుకునే ఆయన చెప్పాడు. ప్రీ-ఆథ్ ఫారం (కంపెనీ అనుమతి ముందే అడిగే కాగితం) వెతికి ప్రింట్ తీసి, డాక్టరు ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఇచ్చాడు. ‘డ్యూటీ డాక్టర్ ఎనిమిదిన్నరకి భోజనానికి వెళ్తాడు, ఈలోపే పట్టుకో’ అని తరిమాడు.

ఎనిమిదింటికి మెయిల్ వెళ్ళింది. ఇక మొదలైంది అసలు కథ.

తొమ్మిదింపావుకి మొదటి క్వెరీ. ప్రమాదం ఎలా జరిగింది, పోలీసులకి తెలియజేశారా, పేషెంటు మద్యం మత్తులో ఉందా లేదా, డాక్టరు రాసివ్వాలి. ఏకాదశి నాడు మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, తెల్లారగట్ల గంగలో మూడు మునకలేసి వస్తుంటే! భాయ్‌సాబ్ ఆ లైను చదివి మొదటిసారి నవ్వాడు. ‘అందర్నీ అడుగుతారు, మొన్న ఒక సాధువుని కూడా అడిగారు’ అన్నాడు. డాక్టరు గారూ నవ్వుతూనే రాసిచ్చారు.

పదిన్నరకి రెండోది. పేరు సరిపోలడం లేదు. ఇది మాత్రం మన తెలుగువాళ్ళందరి ఖర్మ. అమ్మ ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఒక్క పొడి అక్షరం. పాన్ కార్డు పెళ్ళికి ముందటి పేరు మీద తీసిందట, అందులో పుట్టింటి ఇంటిపేరు. పాలసీ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని గళ్ళుంటే నేనే ఇంటిపేరు తీసుకెళ్ళి చివర్న పడేశాను. పేరులోని ‘వెంకట’ ఒకచోట అతుక్కుని ఉంది, ఒకచోట విడిగా ఉంది, ఒకచోట అసలు లేనే లేదు. కంపెనీ లెక్కలో ముగ్గురు ఆడవాళ్ళు ఒకే తుంటి విరగ్గొట్టుకున్నారు. ముగ్గురూ ఒక్కరేనని నోటరీ అఫిడవిట్ కావాలట. రాత్రి పదిన్నరకి! ఊరు కాని ఊళ్ళో!

ఆయనకి ఇంటిపేరు ముందెందుకుంటుందో నా హైదరాబాదీ హిందీలో పావుగంట చెప్పాను. శ్రద్ధగా విని, ‘అంటే మీకు ముందు ఇల్లు, తర్వాత మనిషి’ అన్నాడు. అఫిడవిట్ తనే టైపు చేశాడు, రెండు వేళ్ళతో. తెలిసిన వకీలుకి ఫోన్ చేసి లేపాడు. ఆయన మంకీ క్యాప్‌తో, స్టాంపు డబ్బా చంకన పెట్టుకుని స్కూటర్ మీద వచ్చి ముద్రేసి వెళ్ళాడు. పన్నెండు దాటాక అది స్కాన్ చేసి పంపాం. అప్పటిదాకా భాయ్‌సాబ్ కాళ్ళు ఆ పేపరు మీదే ఉన్నాయి. షట్టర్ సగం దించి, బయట పొగమంచు గదిలోకి వస్తుంటే నన్ను మిషను పక్కన కూర్చోమన్నాడు, అదొక్కటే వెచ్చగా ఉంటుందని.

ఎంతైందని అడిగితే కాగితాలు లెక్కపెట్టాడు. 37. ‘డెబ్భై నాలుగు రూపాయలు.’ ఐదొందలిచ్చి ఉంచుకోమన్నా. సొరుగు తీసి నాలుగొందల ఇరవై ఆరూ నా చేతిలో లెక్కపెట్టి పెట్టాడు. చెప్పులు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ‘అమ్మ నడిచాక తెచ్చివ్వు’ అన్నాడు.

పేర్ల గురించి అంత రాద్ధాంతం జరిగిన రాత్రి, ఆయన పేరు నేను అడగనే లేదు.

అప్రూవల్ పొద్దున ఆరు నలభైకి వచ్చింది. తొమ్మిదింటికి ఆపరేషన్. మూడో రోజు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసింది.

ఇప్పుడు కాస్త కోపం కూడా కక్కనివ్వండి. 2024 మే నెలలో ఇన్సూరెన్స్ కంపెనీల్ని అదుపు చేసే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగితే గంటలో తేల్చాలి, డిశ్చార్జికి ఫైనల్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలి. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే అది కంపెనీ నెత్తినే. ఆ సర్క్యులర్ ఇచ్చిన సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, మా ఆఫీసు నుంచి నడిచి వెళ్ళొచ్చు. కానీ క్వెరీ వేస్తే గడియారం ఆగిపోతుందని వీళ్ళ ధీమా. అడిగేవేవో మొదటిసారే అన్నీ అడిగితే ఏం పోయింది? డిశ్చార్జి రోజు పదకొండింటికి పంపిన బిల్లుకి అప్రూవల్ రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. మధ్యలో ఒకసారి ఇంప్లాంట్ స్టిక్కర్ స్పష్టంగా లేదన్నారు, ఇంకోసారి దాని ఇన్‌వాయిస్ అన్నారు. 2,41,000 బిల్లులో గ్లోవ్స్, సూదులు లాంటివి 11,400 తీసేశారు. మిగతాదాంట్లో 20 శాతం కో-పే, అంటే మన వాటాగా మనమే కట్టుకోవాల్సింది. మొత్తం నా చేతిది 57,320. కో-పే సంగతి పాలసీ కాగితంలో ఉందట, నేనే చదవలేదు, ఒప్పుకుంటా. ఆ పది గంటలు మాత్రం ఒప్పుకోను. ఫిర్యాదు పెడుతున్నా, తేలాక చెప్తా.

ఆ పది గంటల వల్ల జరిగిన అసలు నష్టం వేరే ఉంది. ఆ మధ్యాహ్నమే షాపుకెళ్ళి, కొత్త చెప్పుల జతా, ఓ శాలువా ఇచ్చి, అమ్మని వీల్‌చైర్‌లో తీసుకెళ్ళి చూపిద్దామనుకున్నా. కౌంటర్ ముందు నుంచి కదిలితే పిలుస్తారేమోనని కదల్లేదు. బయటపడేసరికి పది. షట్టర్ దించి ఉంది. తెల్లారితే విమానం. శాలువా పక్క మందుల షాపులో ఇచ్చి వచ్చాను, అందిందో లేదో తెలీదు. పిన్నీసు చెప్పులతోనే విమానం ఎక్కాను. ఇప్పుడు మా గుమ్మంలో ఉన్నాయి. పనమ్మాయి చెత్తలో వేయబోతే గట్టిగా అరిచాను పాపం.

మా ఆయన, అన్నయ్య రెండో రోజుకల్లా వచ్చేశారు, డబ్బు సర్దారు, రాత్రిళ్ళు మేలుకున్నారు. వదిన ఇక్కడ పిల్లల్ని చూసుకుంది. వాళ్ళకి ఇక్కడ థాంక్స్ చెబితే తంతారు.

అయ్యో, మర్చిపోయా. అమ్మని చెక్కబల్ల మీద పడవలోకి దించిన నలుగురు కుర్రాళ్ళు, కుదుపు లేకుండా అస్సీ దాకా నడిపిన పడవాయన. ఆయన డబ్బులు తీసుకోకుండా ‘మా జీ’కి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన గురించే వేరే పోస్టు రాయాలసలు.

ఇంకా మంకీ క్యాప్ వకీలు గారు, ఫీజు మామూలు కంటే పైసా ఎక్కువ అడగలేదు. పక్క బెడ్ ఘాజీపూర్ ఆవిడ, నాకు రెండు రాత్రులు దుప్పటి ఇచ్చారు. మా సత్రం మేనేజరు గారు సామాను, నా చెప్పులు అన్నీ సర్ది పంపారు, రాగి చెంబుతో సహా.

ఎడిట్: ఫిజియోథెరపీ నేర్పిన అబ్బాయిని వదిలేశాను, అమ్మ గుర్తుచేసింది.

మళ్ళీ ఎడిట్: ఆ రాత్రి ప్రింట్ల కోసం షాపు ఐడీకి నేను పంపిన మెయిళ్ళు సెంట్ ఐటమ్స్‌లో ఉన్నాయి కదా! ఇందాకే ఆ ఐడీకి అమ్మ వాకర్ పట్టుకుని నిలబడ్డ ఫోటో జతచేసి, వచ్చీరాని హిందీలో పేజీడు థాంక్స్ రాసి పంపాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది: ‘ఫోటో మిల్ గయా. కలర్ యా బ్లాక్ అండ్ వైట్?’

కలర్ అని రాశాను.