అకాల మరణాలూ, కొవ్వు తీసే ప్రకటనలూ

సంపాదకులకు,

చిన్న వయసులో కన్నుమూసిన కథానాయికల గురించి మీ సినిమా పేజీలో వేసిన వ్యాసంలో సౌందర్య, స్మితా పాటిల్, ఆర్తి అగర్వాల్‌లను కలిపి ‘విధి వంచితలు’ అన్నారు. సౌందర్య 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు దగ్గర విమానం కూలి పోయారు. స్మితా పాటిల్ 1986లో బిడ్డను కన్న రెండు వారాలకు, కాన్పు తర్వాతి చిక్కులతో పోయారు. ఆర్తి 2015 జూన్ 6న అమెరికాలో 31 ఏళ్లకే పోయారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ (చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగే ఆపరేషన్) చేయించుకున్నారనీ, ఊపిరాడక అవస్థ పడ్డారనీ అప్పట్లో పత్రికలు రాశాయి. ఈ మూడింటినీ విధి ఖాతాలో వేసేస్తే సరిపోతుందా? పైగా అదే పేజీ అడుగున ‘ఒక్క పూటలో పొట్ట మాయం, సాయంత్రానికి ఇంటికి’ అని ప్రకటన! తిరుపతి బైపాస్ రోడ్డు హోర్డింగులదీ ఇదే పాట.

సాయంత్రానికి ఇంటికి పంపడంలోనే ముప్పుంది. కొవ్వు లాగే ముందు చర్మం కిందికి మందునీళ్లు ఎక్కిస్తారు. లీటరు సెలైన్‌లో నొప్పి తెలియకుండా సుమారు 500 మిల్లీగ్రాముల లిగ్నోకెయిన్, రక్తం ఎక్కువగా పోకుండా 1 మిల్లీగ్రాము అడ్రినలిన్ కలుపుతారు. ఈ లిగ్నోకెయిన్ రక్తంలో బాగా పెరిగేది సుమారు 12 గంటలకు. పొద్దున పదింటికి చేస్తే రాత్రి పదింటికన్నమాట, అప్పటికి మనిషి ఇంట్లో పడుకుని ఉంటుంది. పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, తల తిప్పడం మొదటి గుర్తులు. వాటిని నీరసమని వదిలేస్తే ఫిట్స్, ఆపైన గుండె ఆగడం. లిగ్నోకెయిన్ కిలో బరువుకు 35 మిల్లీగ్రాములు దాటకూడదని ప్లాస్టిక్ సర్జన్లు పాటించే లెక్క. 60 కిలోల మనిషికి 2,100 మిల్లీగ్రాములు, అంటే ఆ మందునీళ్లు నాలుగు లీటర్ల పైచిలుకు. పొట్ట, తొడలు, చేతులు కలిపి ఒకే రోజు ‘ప్యాకేజీ’ అంటే ఈ హద్దు దాటడం ఎంతసేపు?

ఎక్కించిన నీళ్లన్నీ కొవ్వుతోపాటు బయటికి రావు, చాలావరకు ఒంట్లోనే ఇంకుతాయి. ఆ లెక్క చూడకుండా నరానికి సెలైన్ బాటిళ్లు పెడుతూ పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. 2022 మేలో బెంగళూరులో 21 ఏళ్ల కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాత చనిపోయినప్పుడు ఇదే మాట వార్తల్లోకి వచ్చింది. మూడు రోజుల్లోపు ఆయాసం, మతి తప్పడం, ఛాతీ మీద చిన్న ఎర్రమచ్చలు కనిపిస్తే కొవ్వు తునకలు ఊపిరితిత్తులకు చేరాయేమోనని అనుమానించాలి. పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఇది వారాల తర్వాత కూడా రావచ్చు.

ఇంతా చేసి ఇది బరువు తగ్గించే వైద్యం కాదు. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు దాకా ఆ గొట్టం వెళ్లదు (మగవాళ్ల గట్టి బొజ్జ ఎక్కువగా ఈ రకమే). ఒకేసారి 5 లీటర్లకు మించి తీస్తే ఆ రాత్రి ఆస్పత్రిలో ఉంచి కనిపెట్టుకుని ఉండాలి.

వైద్యులు ప్రకటనలతో రోగులను పిలవడం 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారమే తప్పు. క్లినిక్ పేరుతో ప్రకటన వేయక తప్పదని మీరంటే, ఆపరేషన్ చేసే డాక్టరు డిగ్రీ, ఆ క్లినిక్ రిజిస్ట్రేషన్ నంబరు లేనిదాన్ని తీసుకోకండి. ఆ రిజిస్ట్రేషన్ ఓపీకేనా, ఆపరేషన్ థియేటర్‌కు కూడానా అన్నది జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయం చూసి చెప్పాలి.

వెళ్లేవాళ్లు కూడా ‘ఖర్చెంత’ కంటే ముందు కొన్ని అడగాలి. మత్తు డాక్టరు ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటారా, ఫోను చేస్తే వస్తారా? రాత్రి ఆయాసం వస్తే ఏ ఐసీయూకి తీసుకెళ్తారు? లిగ్నోకెయిన్ విషానికి విరుగుడు 20 శాతం ఇంట్రాలిపిడ్ (నరానికి ఎక్కించే కొవ్వు ద్రావణం). 60 కిలోల మనిషికి మొదటి మోతాదే 90 మిల్లీలీటర్లు. ఆ బాటిల్ థియేటర్‌లో ఉందో లేదో చూపించమనండి.

– విశ్రాంత థియేటర్ నర్సు,
కొర్లగుంట, తిరుపతి