ఆ పోస్టరు మీదున్న చిలుకని మా పిల్ల వేసింది, మంత్రి గారూ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రివర్యుల సముఖానికి,

నమస్కారాలతో రాసుకుంటున్నది.

మా ఊరి మ్యూజియంలో శనివారం సాయంత్రాలు జరుగుతున్న కార్యక్రమాల గురించి, వాటి కోసం ఊళ్ళోవాళ్ళకి పెట్టిన పోస్టర్ల పోటీ గురించి తమకి నేను మొదట్నించీ చెప్పక్కర్లేదు. ఆ పోటీకి నా దగ్గర బొమ్మలు నేర్చుకునే పిల్ల ఇచ్చిన బొమ్మని పేరు వెయ్యకుండా వాడుకున్నారని మూడు అర్జీలిచ్చాను. రెండు సోమవారాలు కలెక్టరేట్లో గ్రీవెన్సు క్యూలో నిలబడ్డాను. సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టాను. ఇంక మిగిలిన దారి ఇదొక్కటే కనక నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఆ మ్యూజియం పేరు మాత్రం రాయను. గేటు దగ్గర వాచ్‌మన్, గదులు ఊడ్చే అమ్మ, మా పిల్లలు ఎండన పడి వెళితే మంచినీళ్ళిచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టినవాళ్ళు. ఈ ఉత్తరం వల్ల వాళ్ళ మీదికి మాట రాకూడదు.

నేను బోర్డులు రాసే ఆర్టిస్టుని. 1991లో బెజవాడ గాంధీనగర్లో సినిమా బ్యానర్లు రాసే మా గురువుగారి దగ్గర చేరి, ఫొటో మీద గళ్ళు గీసి, ఆ గళ్ళనే గుడ్డ మీద పెద్దవి చేసి బొమ్మ ఎక్కించడంతో పని మొదలుపెట్టాను. అక్షరం దగ్గరికి చెయ్యి రానివ్వడానికి ఆయన రెండేళ్ళు పట్టించారు. ఫ్లెక్సీలు వచ్చి బ్యానర్లు పోయాక మా ఊరొచ్చేశాను. షాపుల బోర్డులు, బడి గోడలు, లారీల వెనక రాతలు, దొరికినదల్లా రాసి బతికాను. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు మావాళ్ళం ఒకళ్ళకొకళ్ళం ఫోన్లు చేసుకున్నాం, మళ్ళీ కుంచెలకి పని దొరుకుతుందని. దొరకలేదు. అది వేరే ఉత్తరం.

ఆదివారం పొద్దున్న రామాలయం అరుగు మీద పిల్లలకి బొమ్మలు నేర్పుతాను. డబ్బు తీసుకోను. 11 మంది వస్తారు. పోటీ ఫారం చేతికొచ్చిన రోజు వాళ్ళకంటే నాకే ఎక్కువ సంబరం. మ్యూజియం అంటే సాయంత్రం 5 కొట్టేసరికి తలుపులేసేసే మేడ మా ఊళ్ళో. కూలికెళ్ళేవాళ్ళు, కొట్లలో పనిచేసేవాళ్ళు ఎన్నడూ లోపలికి పోయింది లేదు. అలాంటిది పొద్దుగూకాక తెరుస్తారట, బుర్రకథ పెడతారట, శాసనాలు చదివి వినిపిస్తారట, దాని పోస్టరు ఊళ్ళోవాళ్ళే వెయ్యాలట. ఇంతకంటే మంచి ఆలోచన ఎవరైనా చేస్తారా? ఆ ఆలోచన చేసినవారికి ఇప్పటికీ దండం పెడతాను.

చూడకుండా బొమ్మ ఎలా వేస్తాం అని మూడు ఆదివారాలు పిల్లల్ని అక్కడికే తీసుకెళ్ళాను. ఒకడు వీరగల్లు, అంటే పోరులో పోయిన వీరుడి గుర్తుగా నిలబెట్టే రాయి, దాని దగ్గర నుంచి కదల్లేదు. ఇంకో ఇద్దరు నాణేలు పట్టుకున్నారు. ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఒకర్తి, ఆటో నడిపే ఆయన కూతురు, తోలుబొమ్మ ఉన్న అద్దాల పెట్టె ముందు నిలబడింది. ట్యూబులైటు కింద ఆ బొమ్మ నల్లగా, అట్టలాగ ఉంది. "మాస్టారూ, దీన్ని చూడ్డానికి జనం రాత్రంతా ఎలా కూర్చునేవాళ్ళు?" అని అడిగింది. మేకతోలు గీకి గీకి పలచన చేస్తారమ్మా, రంగులేసి చిల్లులు పొడుస్తారు, వెనక దీపం పెడితే అప్పుడు చూడాలి దాని అందం అని చెప్పాను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ చేస్తున్నారని, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారని చెప్పాను. అంతా విని ఊరుకుంది.

వచ్చే ఆదివారానికి ఆ పిల్ల ఏం గీసుకొచ్చిందో తమరు ఒక్కసారి ఊహించుకోవాలి. మ్యూజియం మేడనే తోలుబొమ్మ చేసింది. మేడకి రెండు పక్కలా తోలుబొమ్మ చేతులు, వాటికి పుల్లలు. కిటికీలు, గుమ్మాలు అన్నీ చిల్లులు, ఆ చిల్లుల్లోంచి వెనక దీపం వెలుతురు. పగలు నల్లగా ఉండే మేడకి సాయంత్రం ప్రాణం వచ్చిందన్నమాట. ముప్పై ఏళ్ళు పైబడి ఈ పనిలో ఉన్నాను, నాకు ఆ ఊహ రాలేదు. ఆ మాట ఆ పిల్లతో అక్కడే అన్నాను.

పెద్ద షీటు మీద ఎక్కించేటప్పుడు కుంచె నుంచి ఆకుపచ్చ చుక్క ఒకటి కుడివైపు కింది మూల పడింది. ఏడ్చేసింది. మరో షీటు కొనడానికి డబ్బులున్నాయి, రోజుల్లేవు. ఏడవకు, ఆ చుక్కని ఏదో ఒకటి చెయ్యి అన్నాను. చాలాసేపు చూసి, దానికి ఎర్ర ముక్కు పెట్టి, తోక లాగి, చిలుకని చేసింది. చుక్క ఒక పక్కకి కారింది కనక చిలుకకి ఒక రెక్క కంటే రెండోది పొడుగు. అలాగే ఉంచేశాం. ఈ చిలుక సంగతి తమరు దయచేసి గుర్తుపెట్టుకోవాలి.

ఫారంలో ఇచ్చిన మాటలు ఇవి. గెలిచిన పోస్టరు మీద వేసినవాళ్ళ పేరు అచ్చువేస్తాం. వచ్చిన బొమ్మలన్నీ నెల రోజులు వరండాలో ప్రదర్శిస్తాం. తర్వాత ఎవరివి వాళ్ళకి తిరిగిస్తాం. మొదటి బహుమతి 10,000 రూపాయలు. 11 షీట్లూ గొట్టాలుగా చుట్టి పిల్లల చేతే ఇప్పించాను. రసీదు అడిగితే రిజిస్టర్లో రాసుకున్నాం కదా అన్నారు. ఫలితాలు చెబుతామన్న తేదీ పోయింది. ఫోన్ చేస్తే కమిటీ కూర్చోలేదన్నారు. మళ్ళీ చేస్తే సారు క్యాంపులో ఉన్నారన్నారు. పిల్లలు ప్రతి ఆదివారం నా మొహం చూసేవాళ్ళు.

ఒకరోజు బస్టాండు ఎదురుగా నిచ్చెనెక్కి మందుల షాపు బోర్డు రాస్తున్నాను. రోడ్డవతల ఫ్లెక్సీ కడుతున్నారు. తాడు బిగించగానే విచ్చుకుంది. మేడ, మేడకి చేతులు, పుల్లలు, చిల్లుల్లోంచి వెలుతురు. ఆ పిల్ల బొమ్మే. చేతిలో డబ్బాతోనే దిగి పరిగెత్తాను, ముందు నిజంగా ఆనందంతోనే. గెలిచిందనుకున్నాను. దగ్గరికెళ్ళి పేరు కోసం వెతికాను. పైనుంచి కిందిదాకా వెతికాను. పేరు లేదు. పసుపు వెలుతురుని నీలం చేసేశారు, దీపం పోయి ట్యూబులైటొచ్చింది. నెల రోజులు కూర్చుని నేర్చుకుని రాసిన అక్షరాలు తీసేసి కంప్యూటర్ అక్షరాలు పెట్టారు. 'సాయంత్రం'లో త కింద ఉండాల్సిన క్రావడి విడిపోయి పక్కన పడి ఉంది. 'మ్యూజియం'లో మ ఒక చోట, యూ ఒక చోట. మ్యూజియం పోస్టరు మీద మ్యూజియం అన్న మాటే విరిగిపోయింది మంత్రి గారూ. అక్షరం రాసి అన్నం తినేవాణ్ణి, నాకు కడుపులో దేవినట్టయింది. మేడ తలమీద పెద్దల ఫొటోలు అతికించారు.

కుడివైపు కింది మూల చిలుక మాత్రం ఉంది. ఒక రెక్క పొట్టి, ఒక రెక్క పొడుగు.

ఆ సాయంత్రమే ఆ పిల్ల బడి నుంచి వస్తూ చూసింది. ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నని తీసుకొచ్చింది. ఆయన ఆటో పక్కకి పెట్టి చాలాసేపు చూసి, "మరి నీ పేరేదమ్మా?" అన్నాడట. నేనొచ్చేసరికి ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. ఆయనకి ఏం చెప్పాలో నాకు తెలీలేదు. ఇప్పటికీ తెలీదు.

మొదటి అర్జీకి జవాబు లేదు. రెండోదానికి లేదు. మూడోది తీసుకుని వెళితే "పిల్లల బొమ్మ కదండీ, ఎంకరేజ్‌మెంట్ అనుకోండి" అన్నారు ఒకాయన. గ్రీవెన్సులో ఇచ్చిన కాగితం తిరిగి తిరిగి అదే మ్యూజియానికి వెళ్ళి, పరిష్కరించబడినది అని ఫోనుకి మెసేజి వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. సమాచార హక్కు చట్టం ప్రకారం 30 రోజుల్లో రావాల్సిన జవాబు 41వ రోజున వచ్చింది. రెండే వాక్యాలు. వచ్చిన ఎంట్రీలు తగిన ప్రమాణంలో లేనందున బహుమతి ఎవరికీ ప్రకటించలేదు. పోస్టరు ఏజెన్సీ ద్వారా రూపొందించబడినది.

తగిన ప్రమాణంలో లేని బొమ్మని ఊరంతా ఎందుకు కట్టారు? ఏజెన్సీ రూపొందిస్తే మా పిల్ల కుంచె నుంచి జారిన చుక్క వాళ్ళ కంప్యూటర్లోకి ఎలా వెళ్ళింది? రెక్క పొడుగు కూడా సరిచెయ్యకుండా ఎలా వెళ్ళింది? ఈ ఒక్కదానికి జవాబు చెప్పించండి.

నేను బోర్డు రాసిచ్చిన లాయరు గారొకరు ఫారం వెనక సన్నక్షరాలు చూపించారు. 'సర్వహక్కులు మ్యూజియానివే' అని ఉంది. తర్వాత ఆయనే చెప్పారు, 1957 నాటి కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ కావాలంటే రాతలో ఉండాలి, ఇచ్చేవాళ్ళ సంతకం ఉండాలని. ఈ పిల్ల మైనరు. ఫారంలో తల్లిదండ్రుల సంతకానికి గడే లేదు. పైగా 57వ సెక్షన్ ఉంది. హక్కులు రాసిచ్చేసినా సరే, ఇది నా పని అని చెప్పుకునే హక్కు, దాన్ని పాడుచేసి తన పరువు తీస్తే అడ్డుకునే హక్కు కర్త దగ్గరే ఉంటాయట. ఢిల్లీ విజ్ఞాన్ భవన్లో అమర్‌నాథ్ సెహగల్ గారి కంచు శిల్పాన్ని 1979లో గోడ నుంచి ఊడదీసి గోదాములో పడేస్తే ఆయన కోర్టుకి వెళ్ళారు. మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగివ్వమని, 5 లక్షల పరిహారం కట్టమని 2005లో ఢిల్లీ హైకోర్టు కేంద్ర ప్రభుత్వానికే చెప్పింది. మాకు కోర్టుకెక్కే స్తోమతు లేదు, ఆ ఉద్దేశం కూడా లేదు. చట్టం తెలియక అడుగుతున్నామని మాత్రం ఎవరూ అనుకోకూడదని రాశాను.

రూపాయి గుర్తు కూడా పోటీ పెట్టి ఎంచిందే కదండీ. 2010 జులై 15న కేంద్ర కేబినెట్ ఖాయం చేసిన రోజునే, గీసింది డి. ఉదయకుమార్ గారని దేశమంతా తెలిసింది. 2.5 లక్షల బహుమతి ఇచ్చారు. దేశం అంత పెద్ద గుర్తుకి పేరు చెప్పగలిగింది. మా ఊరి శనివారం పోస్టరుకి ఏం అడ్డొచ్చింది?

ఆ మ్యూజియంలోనే తామ్రశాసనాలున్నాయి. పిల్లలకి చూపిస్తూ నేనే చెప్పాను, రాజు ఇచ్చిన దానం వివరం అంతా అయ్యాక చివర్న శాసనం కూర్చిన కవి పేరు, రేకు మీద చెక్కినవాడి పేరు కూడా చాలాచోట్ల వేసేవాళ్ళని. రాజరాజనరేంద్రుడి నందంపూడి శాసనాన్ని రాసింది నన్నయ భట్టు అని మనకి తెలిసిందీ అలాగే. ఆ ముక్క విన్నప్పుడు ఈ పిల్లే అడిగింది, "అయితే మన పేరూ వేస్తారుగా మాస్టారూ?" అని. ఫారంలో రాశారమ్మా, వేస్తారు అన్నాను. ఆ మాట ఇచ్చింది నేను. మ్యూజియం తరఫున, ప్రభుత్వం తరఫున నేనిచ్చాను. ఇవాళ ఆ పిల్ల ముందు నేను తలెత్తుకోలేకపోతున్నాను.

10,000 రూపాయలు వద్దు. వాళ్ళ నాన్నే చెప్పాడు, వద్దని. ఆ బొమ్మ కింద ఆ పిల్ల పేరు వేయించండి. ఇంకా శనివారాలు మిగిలే ఉన్నాయి, మళ్ళీ అచ్చువేస్తూనే ఉన్నారు, ఒక్క వరుస చోటు చాలు. అక్షరాలు నేను రాసిస్తాను, పైసా అడగను, ముక్కలు ముక్కలుగా ఉన్న ఆ తెలుగు మాత్రం ఊళ్ళో వేలాడనివ్వకండి. పిల్లలందరి షీట్లూ తిరిగి ఇప్పించండి. అవి ఏ గదిలో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో, ఎవరూ చెప్పడం లేదు. వీరగల్లు గీసినవాడు ప్రతివారం అడుగుతున్నాడు. వరండాలో పెడతామన్నారు, పెట్టలేదు, కనీసం షీట్లు ఇప్పించండి. పేరు వేయించండి. ముందు పేరు వేయించండి, మిగతావి తర్వాతైనా సరే.

శనివారం కార్యక్రమాలకి నేను వెళుతూనే ఉన్నాను. మొన్న తోలుబొమ్మలాట పెట్టారు, వరండా కిటకిటలాడింది, చంటిపిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్ళు నిలబడి చూశారు. ఆపమని ఎవరైనా అంటే నేనే ఎదురు నిలబడతాను. ఆ పిల్ల మాత్రం రాలేదు. ఆదివారం క్లాసుకి వస్తోంది గానీ కుంచె పట్టడం లేదు. అరుగు చివర కూర్చుని మిగతా పిల్లలకి రంగులు కలిపి ఇస్తోంది. ఆకుపచ్చ కూడా తనే కలుపుతుంది.

ఒక్క ఫోను చేయించండి అయ్యా.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక బోర్డు ఆర్టిస్టు