క్లౌన్ చేప బొమ్మ కాదు

సంపాదకులకు,

పిల్లల పుస్తకాల అట్టల మీద, అక్వేరియం ప్రకటనల్లో క్లౌన్ చేపను ముద్దొచ్చే బొమ్మలా చూపడమే తప్ప దాని బతుకు గురించి నాలుగు మాటలు చెప్పేవారు అరుదు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

నారింజ రంగు ఒంటిపై నల్లని అంచులున్న మూడు తెల్లని పట్టీలతో కనిపించే ఆసెల్లారిస్ జాతి క్లౌన్ చేప సుమారు 11 సెంటీమీటర్లకు మించి పెరగదు. హిందూ మహాసముద్రపు తూర్పు భాగంలోనూ పసిఫిక్ పడమటి భాగంలోనూ లోతు తక్కువగా ఉండే పగడపు దిబ్బల్లో, సీ అనిమోన్లు అనే, పువ్వుల్లా కనిపించే సముద్ర జంతువుల తీగల్లాంటి స్పర్శకాల నడుమ ఇది కాపురముంటుంది. ఇతర చిన్న చేపలను కుట్టి చంపగల ఆ స్పర్శకాలు దీనికి హాని చేయకపోవడానికి దీని ఒంటిమీది జిగురు పొరే ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఆశ్రయానికి బదులుగా ఇది అనిమోన్‌ను కొరికే చేపలను తరుముతుంది, తన విసర్జనలతో దానికి పోషకాలనూ అందిస్తుంది.

అసలు విశేషం కుటుంబ క్రమంలో ఉంది. ఒక్కో గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడ చేప, దాని తరువాతిది మగ చేప, మిగిలిన చిన్నవి సంతానోత్పత్తిలో పాల్గొనకుండా తమ వంతు కోసం వేచి ఉంటాయి. ఆడ చేప చనిపోతే మగదే ఆడదిగా మారుతుంది, చిన్నవాటిలో పెద్దది మగదాని స్థానంలోకి వస్తుంది. వరుస తప్పని ఇంతటి ఓపిక మనుషుల్లోనైనా కనిపిస్తుందా అని నాకు అనుమానమే. గుడ్లను రెక్కలతో విసురుతూ వారం రోజుల పాటు కాపాడేది ప్రధానంగా మగ చేపే.

సముద్రం వేడెక్కితే పగడాల్లాగే అనిమోన్లూ రంగు కోల్పోయి పాలిపోతాయి. ఈ చేప బొమ్మ వేసినప్పుడల్లా దాని పక్కన అనిమోన్ గురించి కూడా రెండు వాక్యాలు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు