అడ్వాన్సుకీ రిజిస్ట్రేషన్‌కీ మధ్యలో ఇల్లు మునిగితే?

సంపాదకుడు గారికి,

వానలు మొదలయ్యాయి, శ్రావణం వస్తే ఇళ్ల బేరాలూ ఊపందుకుంటాయి, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. 2024లో నేనూ అలాగే, శ్రావణం మంచిదని విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఒక గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు బేరం చేసి, పది లక్షలు అడ్వాన్సిచ్చి అగ్రిమెంటు రాయించుకున్నా. గడువు మూడు నెలలు. లోను రాగానే రిజిస్ట్రేషన్, దసరాకి గృహప్రవేశం అనుకున్నాం. అమ్మినాయన రిటైరైన మాస్టారు, సామానంతా సర్దుకుని, తాళాలు పక్కింట్లో ఇచ్చి, హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు.

సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి మా మీద వచ్చి పడింది. శ్రావణం ఇంకా పోనేలేదు.

నీళ్లు తీశాక వెళ్తే తలుపు రాలేదు, చెక్క ఉబ్బి గుమ్మానికి పట్టేసింది, ఇద్దరం భుజంతో నెడితే తెరుచుకుంది. లోపల స్విచ్ బోర్డులకి జానెడు పైన, అన్ని గదుల్లోనూ తాడు పట్టి గీసినట్టు ఒకే ఎత్తులో బురద గీత. ప్లైవుడ్ అలమారాలు పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. సంపు నిండా బురదే. వైరింగు, వడ్రంగం, రంగులు అన్నీ కలిపితే లెక్క మూడున్నర లక్షలు దాటింది.

ఫోన్ చేస్తే మాస్టారు, "ఏం చేస్తాం బాబూ, అడ్వాన్సు ఇచ్చేశావు, ఇక అది నీ ఇల్లేగా" అన్నారు. "రిజిస్ట్రేషనే కాలేదు కదండీ మాస్టారూ, ఇంకా మీ పేరు మీదే ఉంది" అన్నాను. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. అగ్రిమెంటు తీసి చూస్తే నాలుగు వైపులా సరిహద్దులున్నాయి, తాకట్లూ తగాదాలూ లేవన్న హామీ ఉంది, గడువు దాటితే అడ్వాన్సు ఏమవుతుందో కూడా ఉంది, ఈలోగా ఇంటికి ఏదన్నా అయితే ఎవరు భరించాలో మాత్రం ఒక్క ముక్క లేదు. రాసిన డాక్యుమెంట్ రైటర్ని అడిగితే "శుభమా అని ఇల్లు కొంటూ అలాంటివి ఎవరు రాయించుకుంటారండీ" అన్నాడు.

తెలిసిన లాయరు చెబితే అప్పుడు తెలిసింది, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో దీనికి కొంత జవాబుందని. 54వ సెక్షన్ ప్రకారం ఒట్టి అగ్రిమెంటుతో ఆస్తి మీద హక్కు రాదు. 55 ప్రకారం స్వాధీనం చేసేదాకా ఇంటిని జాగ్రత్తగా చూడాల్సింది అమ్మేవాడే, నష్టం కొనేవాడి మీద పడేది యాజమాన్యం చేతులు మారాకే. బాగానే ఉంది, కానీ వరద రావడం మాస్టారి అజాగ్రత్త కాదు, ఇల్లు కూలనూ లేదు, మరి ధరలో ఎంత తగ్గించాలి? అది అందులో లేదు, తేల్చుకోవాలంటే కోర్టుకెళ్లాలి, మన కోర్టుల్లో సివిల్ కేసంటే చెప్పక్కర్లేదు.

నీళ్లొచ్చిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకి ప్రభుత్వం 25 వేలు ప్రకటించింది గానీ మాది తాళం వేసిన ఇల్లు, లెక్క రాసుకునే రోజున అక్కడ ఆయనా లేరు నేనూ లేను, ఆ సాయం ఇద్దరికీ రాలేదు. చివరికి పెద్దమనుషులు కూర్చుని లక్షన్నర తగ్గించారు. రెండు నెలల టెన్షన్, పైగా నాలుగు కాఫీలు కలిసి తాగినవాళ్లం ఇప్పుడు మాటల్లేవు.

రిజిస్ట్రేషన్ శాఖ పెద్దలు ఒక్క పని చేస్తే చాలు. అగ్రిమెంటు నమూనాలో ఒక పేరా చేర్చండి: రిజిస్ట్రేషన్ లోపు వరద, అగ్నిప్రమాదం, పిడుగు లాంటివాటితో నష్టమైతే ఎవరిది, ఎవరు అంచనా వేయాలి, ఎన్ని రోజుల్లో, నచ్చకపోతే కొనేవాడు అడ్వాన్సు వెనక్కి తీసుకోవచ్చా లేదా. బీమా సంగతి కూడా అందులోనే రాయొచ్చు. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకి భారత్ గృహ రక్ష అని ఒక పాలసీ ఉంది, వరద నష్టం దాని కిందికి వస్తుంది. యజమాని పేరున తీసుకుని, ప్రీమియం కావాలంటే కొనేవాడే కట్టి, క్లెయిమ్ వస్తే ఆ డబ్బు ధరలో తగ్గించేలా రాసుకుంటే ఎవరికీ గొడవ ఉండదు.

మొన్న మా వీధిలో ఇంకో ఇల్లు బేరమైంది, చదివి చెప్పమని అగ్రిమెంటు నా చేతికిచ్చారు. అదే పాత కాగితం, పేర్లూ అంకెలూ మార్చారంతే.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ