ఆ రాత్రి నా చెయ్యి పట్టుకుని ఆపిన సిస్టర్‌కు

మా అమ్మ నిన్న ఇంటికి వచ్చింది. గోడ పట్టుకోకుండా వాకిలి దాకా నడిచింది. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ గారి కోసం ఇది రాస్తున్నాను. పేరు అడగలేదు, అడిగే ముఖం కూడా లేకపోయింది.

అమ్మకు నాలుగు రోజులు విరేచనాలు. అయినా బీపీకని వాడుతున్న, ఒంట్లో నీరు పోయే మాత్ర మానకుండా వేశాం. అది మా తప్పే. అయిదో రోజు మంచం మీద నుంచి కాళ్లు దించలేకపోయింది. పక్షవాతమేమోనని ఎమ్మిగనూరు నుంచి కారు మాట్లాడుకుని పరుగెత్తాం. రక్తపరీక్షలో పొటాషియం అనే లవణం 2.3 వచ్చింది. విరేచనాలతో, ఆ మాత్రతో అది ఒంట్లోంచి పోయి కాళ్లు పట్టు తప్పాయట. 3.5కు తగ్గకూడదట. ఈసీజీ చూసి వెంటనే మానిటర్ తగిలించారు.

అర లీటరు సెలైన్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల కేసీఎల్ (పొటాషియం మందు) కలిపి, మందు అడుగున ఉండిపోకుండా సీసాను నాలుగైదుసార్లు తలకిందులు చేసి పెట్టారు సిస్టర్. రెండు గంటలు పట్టాలన్నారు. చుక్క చుక్క పడుతుంటే నాకు టెన్షన్. ఊళ్లో సెలైన్ అంటే గబగబా ఎక్కాల్సిందే కదా! ఎవరూ చూడట్లేదని, వేగం పెంచుదామని సెలైన్ గొట్టానికి ఉన్న చక్రం మీద చెయ్యి వేశాను.

పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "అన్నా, ఇది వేగంగా పోతే గుండె ఆగిపోతుంది. చేతి నరంలో గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకూడదు. అందుకే ఇంత నిదానం." గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆ మందు నరాన్ని మండిస్తుంది. అమ్మ మూలిగిన ప్రతిసారీ వచ్చి చూశారు, ఇంకా నిదానం చేశారు, చివరికి రెండో చేతిలో పెద్ద నరం వెతికి మార్చారు. నీరసంగా ఉంది, గ్లూకోజు పెట్టండమ్మా అని అడిగితే, దాంతో ఇన్సులిన్ పెరిగి ఉన్న పొటాషియం కూడా కణాల్లోకి పోతుందని డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. మెగ్నీషియం కూడా తగ్గిందని, అది సరిచేయకపోతే పొటాషియం నిలవదని దాన్నీ ఇచ్చారు. మా చిన్నాన్న తెచ్చిన కొబ్బరిబోండాలు చూసి మాత్రం సిస్టర్ నవ్వారు. ఈ లెక్కకు అవి చాలవట.

మూడో రోజుకు 3.7. తర్వాత నీళ్లలో కలిపి తాగే సిరప్ ఇచ్చారు. అది తాగేటప్పుడు అమ్మ ముఖం చూడాలి!

వచ్చే వారం మళ్లీ రక్తపరీక్షకు వెళ్లాలి. అమ్మ అప్పుడే బుడ్డలు వేయించి బెల్లం పాకం పట్టిస్తోంది. సిస్టర్ గారు ఏ షిఫ్టులో ఉన్నా వెతికి ఉండలు ఇచ్చి రమ్మని నాకు ఆర్డరు.