15 హెచ్‌పీ పాత మోటారుకు 11 పిచ్ ప్రొపెల్లర్ ఇవ్వడంపై ఫిర్యాదు

సర్వీసు విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. ఉప్పాడ తీరంలో వేటకు వెళ్లే 24 అడుగుల ఫైబర్ బోటుకు మీ డీలరు అమ్మిన ప్రొపెల్లర్ గురించి ఈ ఉత్తరం. మోటారు రెండు సిలిండర్ల పాత టూ స్ట్రోక్, 15 హెచ్‌పీ, గేర్ నిష్పత్తి 2.08 (ఇంజన్ 2.08 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది). మోటారుతో వచ్చిన పుస్తకం ప్రకారం థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంజన్ 4500 నుంచి 5500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య తిరగాలి. అరిగిపోయిన పాత ప్రొపెల్లర్ 9¼ × 9, అంటే వ్యాసం 9¼ అంగుళాలు, పిచ్ (జారకపోతే ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం) 9 అంగుళాలు. దాని బదులు మీవాళ్లు 9¼ × 11 ఇచ్చారు. వెనక్కి తీసుకోమంటే రెండు జవాబులు వచ్చాయి: స్ప్లైన్ (షాఫ్టు మీద ప్రొపెల్లర్‌ను పట్టే గాడుల వరస) సరిపోయింది, హెచ్‌పీ సరిపోయింది కాబట్టి తప్పు లేదని ఒకటి, నీళ్లలో దించిన సరుకు వెనక్కి తీసుకునేది లేదని రెండోది. రెండూ ఒప్పుకోదగినవి కావు.

స్ప్లైన్ సరిపోతే ప్రొపెల్లర్ షాఫ్టు మీదకు ఎక్కుతుంది, అంతవరకే. అది ఆ బోటుకు తగినదా అన్నది బరువుతో నడిపినప్పుడు ఆర్‌పీఎం చూస్తేనే తెలుస్తుంది. నలుగురు మనుషులు, వలలు, ఐసు, నిండు ట్యాంకుతో కొలిచిన అంకెలు ఇవి. పాత 9 పిచ్‌తో 4700 ఆర్‌పీఎం, జీపీఎస్ మీద గంటకు 14 కిలోమీటర్లు. మీ 11 పిచ్‌తో 4150 ఆర్‌పీఎం, 12.5 కిలోమీటర్లు. పిచ్ పెరిగింది, వేగం తగ్గింది.

కారణం లెక్కలోనే ఉంది. ఆర్‌పీఎంను గేర్ నిష్పత్తితో భాగించి, పిచ్ అంగుళాలతోనూ 0.001524తోనూ గుణిస్తే, నీరు జారకపోతే బోటు పోవలసిన వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. 9 పిచ్‌కు అది 31, 11 పిచ్‌కు 33.4. అంటే మొదటిదాంట్లో జారుడు (ఈ లెక్క వేగం కంటే అసలు వేగం ఎంత తక్కువో ఆ శాతం) 55 శాతం, రెండోదాంట్లో దాదాపు 63 శాతం. బరువు మోసే బోటుకు జారుడు ఎక్కువే ఉంటుంది, అందులో వింత లేదు. కానీ పిచ్ పెంచినకొద్దీ రెక్క నీటిని మరింత అడ్డంగా కోస్తుంది, తోపు రాకుండా ఇంజన్ బలం నీటిని చిలకడానికే పోతుంది. ఒక అంగుళం పిచ్‌కు 150–200 ఆర్‌పీఎం మారుతుందని మీ డీలరు చెప్పిన మాట పెద్ద మోటార్లకు సరే. 21 పిచ్‌లో ఒక అంగుళం అంటే 5 శాతం కూడా కాదు, 9 పిచ్‌లో 11 శాతం. చిన్న మోటారుకు ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇక్కడ అంగుళానికి 275 పడింది.

అమ్మిన రోజు మీ మెకానిక్ చేసిన పరీక్షలో 4600 వచ్చిన మాట నిజం. ఆ బోటులో ఉన్నది ఒక్క మనిషి! ఖాళీ బోటు మీద చేసిన పరీక్షతో వేట బోటుకు పిచ్ తేల్చడం కుదరదు.

తప్పు మోటారుది అనకుండా ముందే చూసినవి కూడా చెబుతున్నాం. కంప్రెషన్ ఒక సిలిండర్‌లో 104, రెండోదాంట్లో 98 పీఎస్ఐ, తేడా 10 శాతం లోపే. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే కార్బురేటర్ పూర్తిగా తెరుచుకుంటోంది. హబ్‌లోని (ప్రొపెల్లర్ నడిమి భాగంలోని) రబ్బరు జారుతోందేమోనని హబ్ మీద, రెక్కల వైపు కలిసేలా పెయింటుతో గీత గీసి నడిపితే గీత చెదరలేదు. ప్రొపెల్లర్ పైనుండే పలక బోటు అడుగుకు సమంగానే ఉంది, గాలి పీల్చడం లేదు. అడుగున నాచు, గుల్లలు గీకేశాం. ఈ మోటారులో రెండు ప్లగ్గులూ ఒకేసారి మండుతాయి కాబట్టి ప్లగ్ వైరుకు చుట్టే ట్యాకోమీటర్‌ను (ఆర్‌పీఎం చూపే మీటరు) ఇంజన్ ఒక చుట్టు తిరిగితే రెండు స్పార్కులు అన్న లెక్కకు సెట్ చేశాం. ఆ సెట్టింగ్ తప్పితే అంకె రెట్టింపు చూపిస్తుంది.

4150 దగ్గర ఫుల్ థ్రాటిల్‌తో గంటల తరబడి నడిపితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. ఇంజన్ మూలుగుతూ తిరుగుతుంది, దహనం వేడి పెరుగుతుంది. నీటి పంపు తిరిగేది డ్రైవ్ షాఫ్టుతోనే కాబట్టి ఆర్‌పీఎం తగ్గితే చల్లబరిచే నీరూ తగ్గుతుంది. రింగుల గాళ్లలో మసి గట్టిపడి రింగులు అంటుకుపోతాయి, నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలినట్టు మండడం) మొదలైతే పిస్టన్ పైభాగం కరుగుతుంది. అప్పుడు పెట్రోలులో ఆయిల్ సరిగా కలపలేదని నెపం బోటువాడి మీద పడుతుంది.

అసలు దోషం ఏ మోటారుకు ఏ ప్రొపెల్లర్ ఇవ్వాలో చెప్పే మీ పట్టికలో ఉంది. అందులో హెచ్‌పీకి ఒక వరస, వరసకు ఒక ప్రొపెల్లర్. గేర్ నిష్పత్తికి గడి లేదు, బోటు బరువుకు లేదు, మోటారు తయారైన సంవత్సరానికీ లేదు. 9.9 హెచ్‌పీ మోటార్లలోనే 2.08 గేరు ఉన్నవీ, బరువు లాగడానికి 2.92 గేరుతో చేసినవీ ఉన్నాయి. రెండింటికీ ఒకే పిచ్ ఎలా సరిపోతుంది? 1980ల నడుమ వరకు చాలా మోటార్లకు హెచ్‌పీని క్రాంక్ షాఫ్టు దగ్గర కొలిచేవారు, తరువాత ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర కొలవడం మొదలైంది. కాబట్టి పాత 15, కొత్త 15 ఒకటి కావు. పైగా ఏళ్లు గడిచిన మోటారు కొంత బలం కోల్పోయే ఉంటుంది. దానికి పిచ్ ఒక అంగుళం తగ్గించి చూడాలి గానీ రెండు పెంచకూడదు.

ప్రొపెల్లర్ డబ్బాలోని సూచనల కాగితం కూడా అరకొరగానే ఉంది. థ్రస్ట్ వాషర్ (ప్రొపెల్లర్ తోపును షాఫ్టు మీద మోసే వాషర్) ఏ వైపు తిరిగి ఉండాలో బొమ్మ లేదు, స్ప్లైన్‌కు నీటికి చెదరని గ్రీజు పూయమని మాట లేదు. ఉప్పునీటిలో గ్రీజు లేకుండా బిగిస్తే ఏడాదికి ప్రొపెల్లర్ షాఫ్టుకు పట్టేస్తుంది, సుత్తి దెబ్బలు తప్పవు.

మేము అడిగేది: 11 పిచ్‌ను వెనక్కి తీసుకుని, అదే స్ప్లైన్‌కు 9¼ × 8 ఇవ్వండి. మా అంచనా ప్రకారం దానితో నిండు బరువు మీద సుమారు 5000 వస్తుంది. ఖాళీ బోటుతో 5500 దాటితే హ్యాండిల్ కాస్త తగ్గించి నడుపుకోవచ్చు. అంచనా తప్పి బరువుతో 4800 కూడా రాకపోతే ఆ మాట రాతపూర్వకంగా ఒప్పుకుంటాం. రెక్కలకు దెబ్బ తగలనంతవరకు, నీళ్లలో ఒక విడత నడిపి చూసిన ప్రొపెల్లర్‌ను మార్చి ఇచ్చే నిబంధన డీలర్లందరికీ పెట్టండి. పట్టికలో గేర్ నిష్పత్తి గడి చేర్చండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మోటార్లు విప్పి బాగుచేసేది ఆ రోజుల్లోనే. మారిన ప్రొపెల్లర్ జూన్ మొదటి వారంలోగా చేరితే బరువుతో పరీక్షించి అంకెలు మీకు పంపుతాం. బిల్లు నకలు, రెండు ప్రొపెల్లర్ల హబ్ మీది అంకెల ఫొటోలు, జీపీఎస్ రీడింగుల ఫొటోలు జతచేశాం.

ఇట్లు,
బోటు మోటార్ల మరమ్మతు పనివారు,
ఉప్పాడ, కాకినాడ జిల్లా