మహిళా విభాగం ఇంటి అల్లిక కార్యక్రమం: 2025 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం. మన తెలుగు సంఘం మహిళా విభాగం ఈ ఏడాది సాగించిన అల్లిక పనిని నియమావళి ప్రకారం మీ ముందుంచుతున్నాను. ఆశయాలు మీకు తెలిసినవే గనుక నేరుగా పనిలోకి వస్తాను.

ఎప్పటిలాగే గిన్నెలు తుడిచే గుడ్డలతో మొదలుపెట్టాం. కొత్తగా సూదులు పట్టినవారికి ఇంతకంటే మంచి పాఠం లేదు. 4 కుట్లతో ఒక మూల మొదలుపెట్టి, ప్రతి వరసలోనూ రెండు కుట్లు అల్లాక దారాన్ని ఒకసారి సూది మీదుగా వేసుకుంటే వరసకో కుట్టు పెరుగుతుంది. 44 దాకా వచ్చాక వరసకో కుట్టు తగ్గించుకుంటూ పోతే ఎదుటి మూలలో గుడ్డ పూర్తవుతుంది, అంచు పొడవునా చిన్న చిన్న కన్నాలు కూడా వరసగా పడతాయి. మసిగుడ్డకు ఇంత శ్రమ దేనికని నవ్వినవారే తర్వాత ఇంటికి రెండేసి చొప్పున అడిగి పట్టుకుపోయారు. నూలు దారమే వాడాలని రెండుసార్లు తెలియజేసినా, ఒక సభ్యురాలు ఇంట్లో మిగిలిన యాక్రిలిక్ ఉండతో గుడ్డ అల్లి, దానితోనే పొయ్యి మీది మూకుడు దించబోయారు. గుడ్డ కరిగి మూకుడు చెవికి అంటుకుపోయింది. చెయ్యి కాలలేదు, అంతవరకు నయం. యాక్రిలిక్ నీటిని పీల్చదు, వేడికి ఆగదు; అది దుప్పట్లకే పనికొస్తుంది, ఎందుకంటే ఉన్ని దుప్పటిని మెషీన్‌లో వేస్తే కుంచించుకుపోతుంది.

దుప్పటి ముక్కలకు, మన విస్కాన్సిన్ రాష్ట్రంలోనే వాసా పట్టణంలో ఊలు దుకాణం నడిపిన ఈవీ రోజెన్ గారు 1991లో మొదలుపెట్టిన ‘వార్మ్ అప్ అమెరికా’ (అవసరమైనవారికి దుప్పట్లు అల్లి ఇచ్చే సేవా కార్యక్రమం) కొలతలనే ఈ ఏడాదీ పాటించాం. ముక్క వెడల్పు 7 అంగుళాలు, పొడవు 9 అంగుళాలు, దుప్పటికి 49 ముక్కలు. నలుచదరం కాకపోయినా అలవాటుకొద్దీ వాటిని మనం చదరాలనే అంటున్నాం. అంగుళానికి 5 కుట్లు పడే చేతికి 35 కుట్లు వేసుకుంటే సరిపోతుంది. ఆ అంకె కూడా మనకు కలిసివచ్చింది: అది బేసి సంఖ్య గనుక సూటి కుట్టు (నిట్), తిరగ కుట్టు (పర్ల్) ఒకటి విడిచి ఒకటి వేసే సీడ్ స్టిచ్‌లో ప్రతి వరసనూ నిట్‌తోనే మొదలుపెట్టవచ్చు, బుట్ట అల్లిక డిజైనుకైతే 5 కుట్ల గళ్లు సరిగ్గా 7 వస్తాయి. ఒకవైపంతా నున్నగా వచ్చే సాదా అల్లికలో అంచులు చుట్టుకుపోతాయి గనుక అటువంటి ముక్కలను ఈసారి తీసుకోలేదు. చెయ్యి బిగువైతే ముక్క 6 అంగుళాలకే ఆగుతుంది, వదులైతే 8కి పోతుంది. అందుకే సీరియల్ డబ్బాల అట్టను కొలతకు కత్తిరించి ఇంటింటికీ పంచాం. వాటిలో సగం పిల్లల బొమ్మలకు ఖర్చయినట్టు తర్వాత తెలిసింది.

కార్తీక మాసంలో వనభోజనాలకు ఇక్కడి చలి ఒప్పుకోదు గనుక, నవంబరులో ఒక శనివారం హాలులోనే భోజనాలు, ముక్కల కూర్పు కలిపి పెట్టుకున్నాం. ఈ ఏడాది మన విభాగం గర్వంగా చెప్పుకోదగిన రోజు అదే. నేల మీద దుప్పట్లు పరచి, వాటిపై రెండు దుప్పట్లకు సరిపడా 98 ముక్కలను ఏడేసి వరసలుగా పేర్చుతూ, ఏ రంగు పక్కన ఏది ఉండాలన్న వాదనలోనే గంటన్నర గడిచిపోయింది. అమ్మాయి దగ్గరికి ఆరు నెలలకని వచ్చిన నరసాపురం వైపు పెద్దావిడ ఒకరు అంతసేపూ మౌనంగా కూర్చుని, చివరికి సంచిలోంచి కొక్కెం సూది తీశారు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన లేసు ఆ ప్రాంతానిది. ఆవిడ చిన్ననాటి నుంచి అల్లినది అదే. సన్నని నూలుకు అలవాటుపడిన ఆ వేళ్లు లావు దారాన్ని చూసి మొదట కొంచెం తడబడ్డాయి గానీ, మేం ఒక వరస కలిపేసరికి ఆవిడ మూడు వరసలు కలిపి, “ఇంకేవీ, ఇలా ఇవ్వండమ్మా” అన్నారు. మధ్యలో పులిహోర చేతులతో ఎవరో ముట్టుకున్న మీగడ రంగు ముక్క మీద పసుపు మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. దానిని మూలకు మార్చాం.

అయితే ఒక విషయం నిష్ఠూరమైనా చెప్పక తప్పదు. కూర్పుకు వస్తామని 14 మంది పేర్లు రాశారు, వచ్చినవారు ఐదుగురు. మొదలు, చివర దారపు కొసలను అల్లికలోకి దూర్చి దాచకుండానే చాలామంది ముక్కలను అందజేశారు. ముక్కకు రెండు కొసలన్నా ఒక్క దుప్పటికి 98 అవుతాయి. ఈ ఏడాది పూర్తయిన 6 దుప్పట్లకూ ఆ కొసలను దాచినది నేను, కోశాధికారి, మరొక సభ్యురాలు మాత్రమే. అల్లడం సరదా, కొసలు దాచడం చాకిరీ అని అందరికీ తెలుసు. ఆ చాకిరీ ఎప్పుడూ ఆ ముగ్గురికే మిగలడం న్యాయం కాదు. హాలు తాళం కోసం సంబంధిత అధికారికి మూడుసార్లు రాసినా జవాబు రాక, ఆ రోజు 40 నిమిషాలు మంచులో నిలబడవలసి వచ్చిన సంగతిని కూడా రికార్డు కోసం నమోదు చేస్తున్నాను.

లెక్కలను కోశాధికారి విడిగా సమర్పించారు. దారం ఖర్చు గుడ్డల అమ్మకంతోనూ విరాళాలతోనూ సరిపోయింది, స్వల్ప మిగులు ఉంది. ఆమోదించగోరుతున్నాను.

దారపు ఉండలు ఇచ్చినవారికి, భోజనాలు వండి తెచ్చిన కుటుంబాలకు, బల్లలు మోసిన యువకులకు, సెలవు ముగిసి వెళ్లిపోతూ సూది మీద సగంలో ఉన్న ముక్కను మరొకరికి అప్పగించి వెళ్లిన అమ్మలందరికీ, ముఖ్యంగా నరసాపురం పెద్దావిడకు విభాగం తరఫున ధన్యవాదాలు. వచ్చే కూర్పు ఫిబ్రవరి మూడో శనివారం. ఆరు అంగుళాలకు తక్కువ కాకుండా కొస వదిలి, దానిని దాచిన ముక్కలనే ఇకమీదట స్వీకరిస్తాం. మొన మొద్దుగా, కన్ను పెద్దగా ఉన్న సూదిని ఎవరిది వారే తెచ్చుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి, మహిళా విభాగం